మీటింగులో లింగయ్య ఊరుకున్న రోజు

కంపెనీ పెట్టి ఇరవై ఏళ్లయిందట. సావనీరు వేస్తున్నారు. మా పాత లీడర్‌షిప్ టీము గురించి నాలుగు పేజీలు రాసిమ్మని నన్నడిగారు. ఎండీ గారు ఆ టీమును ఎలా కట్టారు, ఎలా నడిపారు, కొత్తవాళ్లు అందులోంచి ఏం నేర్చుకోవచ్చు, ఇదీ వాళ్లకు కావలసింది. ఆ గదిలో మూల కుర్చీలో ఆరేళ్లు కూర్చుని మినిట్స్ రాసింది మీరే కదా, మీకంటే ఎవరికి తెలుసు అన్నారు. తెలుసు, నిజమే. కానీ రాయడానికి కూర్చుంటే లింగయ్య తప్ప ఇంకెవరూ గుర్తుకు రావడం లేదు. వేసుకుంటారో, చించి పారేస్తారో వాళ్లిష్టం.

నా పేరు వీరలక్ష్మి, మాది అమలాపురం. నోరెక్కువ, ఓపిక తక్కువ అని మా ఇంట్లో పేరు. హైటెక్ సిటీలో అప్పటికి నాలుగొందల మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ మాది. దాని ఎండీ కామేశ్వరరావు గారికి నేను సెక్రటరీని. ఇప్పుడు రాయబోయే సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నా కళ్లకేసి చూస్తారు, నీళ్లు వస్తాయేమోనని. రావు. అప్పుడూ రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆ ఏడాదంతా నాకు అలాగే ఉంది.

లింగయ్యది ఖాజాగూడ. తండ్రి గొర్రెలు కాసేవాడు. ఆ గొర్రెలు మేసిన చోటే ఈ అద్దాల మేడలు లేచాయి కదా అని మా ఆఫీసు కుర్రకారు జాలిపడబోతే లింగయ్యకు చిరాకు వచ్చేది. గొర్లు యాడైనా మేస్తయి అనేసి వెళ్లిపోయేవాడు. మొదట ట్రాక్టర్ తోలాడు, తర్వాత ఇసుక లారీ తోలాడు, తర్వాత సొంతానికి ఒక సుమో కొని మా కంపెనీకి తిప్పాడు. నేను చేరేనాటికి అరవై రెండు క్యాబులకు ఆయన సూపర్‌వైజరు. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, జేబులో పెన్ను. ఆ పెన్నుతో ట్రిప్ షీటు మీద టిక్కులు పెట్టడం తప్ప ఇంకేం రాయగా నేను చూడలేదు. మనుషుల్ని పేర్లతో కాక ఎక్కే చోటుతో గుర్తుపెట్టుకునేవాడు. నేను కొండాపూర్ వాటర్ ట్యాంక్ మేడమ్‌ని. ఆరేళ్లూ అంతే.

అరవై మంది డ్రైవర్లలో సగం మంది ఆయన పిలిస్తే వచ్చినవాళ్లే. చేవెళ్ల, పరిగి, వికారాబాద్ వైపు పిల్లలు. అందులో కుమార్ అని ఆయన సొంత మేనల్లుడు. అక్క కొడుకు. స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందీ లింగయ్యే, జ్యోతి అనే అమ్మాయిని చూసి పెళ్లి చేసిందీ లింగయ్యే. లింగయ్య ఒక మాట చెబితే ఆ డ్రైవర్లకు అదే ఆఖరు. కంపెనీ ఇచ్చే నోటీసులు గోడ మీద ఉండేవి, ఎవరూ చదివేవారు కాదు. పెద్దాయన ఏమన్నడు, అని అడిగేవారు. ఆయనకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే, తన మాట మీద వాళ్లకున్న నమ్మకం.

తెలంగాణ ఉద్యమం 2009 డిసెంబరులో ఒక్కసారిగా ఊపందుకుంది. ఒకరోజు మధ్యాహ్నం గచ్చిబౌలి దగ్గర విద్యార్థులు మా క్యాబులు పదకొండు ఆపేశారు. లోపల ఆడపిల్లలున్నారు. మా హెచ్‌ఆర్ వాళ్లు పోలీసులకు ఫోన్లు కొడుతూ ఉండగానే లింగయ్య బండేసుకుని వెళ్లి, ఆ విద్యార్థుల పక్కన డివైడర్ మీద కూర్చుని చాయ్ తాగాడట. అరగంటలో పదకొండు బండ్లూ ఆఫీసుకు వచ్చేశాయి. ఏం చెప్పారండీ వాళ్లకి అని అడిగాను. ఏమన్లేదు మేడమ్, ఆళ్లు చెప్పింది ఇన్న, అన్నాడు.

ఈ సంగతి కామేశ్వరరావు గారికి బాగా పట్టింది. ఆయనది కాకినాడ. టీము కట్టడమంటే ఆయనకు పిచ్చి. పుస్తకాలు చదివి వదిలేసే రకం కాదు, చదివింది సోమవారం మీటింగులో పెట్టి చూసే రకం. ఆ సోమవారం అందర్నీ కూర్చోబెట్టి, ఈ బల్ల చుట్టూ ఉన్న ఆరుగురం ఒకే రకం చదువులు చదివాం, ఒకే వైపు నుంచి వచ్చాం, ఒకే పేపరు చదువుతాం, ఇలాగైతే ఒక్క మనిషే ఆరు కుర్చీల్లో కూర్చున్నట్టు అన్నారు. ఈ నేల తెలిసిన మనిషి ఒకరు కావాలి, లింగయ్య గారిని తీసుకుందాం అన్నారు. డెలివరీ హెడ్ పార్థసారథి మొహం మాడ్చుకున్నాడు. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు లీడర్‌షిప్ టీములో ఏమిటి సర్, ఇంగ్లీషు కూడా రాదు అన్నాడు. ఇంగ్లీషు మన దగ్గర బోలెడుంది, లేనిదే కదా తెచ్చుకోవాల్సింది అన్నారు కామేశ్వరరావు గారు. నాకు ఆ మాట నచ్చింది. ఆయన్ని ఇప్పుడు తిట్టబోతున్నానని అనుకుంటారేమో, లేదు. నేను పనిచేసిన పెద్దవాళ్లలో మంచివాడు ఆయనే. అదే నాకు మింగుడుపడదు.

అలా లింగయ్యకు హెడ్ ట్రాన్స్‌పోర్ట్ అని కొత్త కార్డు వచ్చింది, బల్ల దగ్గర ఏడో కుర్చీ వచ్చింది. ఆయన కోసం మీటింగు తెలుగులో జరపాలన్నారు. రెండు సోమవారాలు జరిగింది. మూడో వారం నుంచి మళ్లీ ఇంగ్లీషే, చివర తెలుగు క్రియ తగిలించి. లింగయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం చూస్తూ కూర్చునేవాడు. తన వంతు వస్తే బండ్ల లెక్క చెప్పేవాడు. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

కామేశ్వరరావు గారి టీముకు రెండు కట్టుబాట్లుండేవి. ఒకటి, గదిలో ఎంతైనా కొట్టుకోండి, తలుపు దాటాక అందరిదీ ఒకటే గొంతు. కింద మనుషుల దగ్గరికెళ్లి, నాకిష్టం లేదు గానీ పైవాళ్లు చేశారు అనకూడదు. ఇది ఆయన వారానికోసారైనా అనేవారు, లింగయ్యకు కూడా కంఠతా వచ్చింది. రెండోది ఐదు అంకెల పద్ధతి. చర్చ అయ్యాక ఆయన రెండు అరచేతులూ బల్ల మీద పరిచి మనసులో ఐదు లెక్కపెట్టేవారు. ఆ లోపు ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. వద్దనేవాడికి జంకు ఉండకూడదు, వద్దనే హక్కు అందరికీ ఉంది, వాడుకోకపోతే ఒప్పుకున్నట్టే. ఆయన ఇది మాకు శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టులో రోజంతా కూర్చోబెట్టి నేర్పారు. ఆటలాడించి మరీ నేర్పారు.

ఆ రోజు లింగయ్య లోపల లేడు. టీమును తీసుకొచ్చిన బస్సు గేటు దగ్గర బురదలో దిగబడితే దాన్ని బయటికి తీయించే పనిలో ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. తర్వాత ఆ కట్టుబాట్లన్నీ టైపు చేసి అందరికీ మెయిల్ పంపాను. ఆయన మెయిల్ చూడడని నాకు తెలుసు. అందరికీ అని పెట్టి పంపడం సులువు కాబట్టి పంపేశాను, నా పని అయిపోయింది.

ఇంకో సంగతి. ఆ మరుసటి ఏడాది వేసవిలో డ్రైవర్లు పడుకునే గదిని తీసేసి అక్కడ జిమ్ పెడదామని ప్రతిపాదన వచ్చింది. లింగయ్య తలవంచుకుని కూర్చున్నాడు. అరచేతులు పరిచారు, ఐదయింది, అందరూ ఒప్పుకున్నట్టు నేను రాసుకున్నాను. వారం తిరక్కుండా బిల్డింగు ఓనరు అక్కడ జిమ్ మిషన్లు పెట్టడానికి వీల్లేదన్నాడు, ఆ ముచ్చట అంతటితో పోయింది. లింగయ్యకు ఓనరు సంగతి తెలియదు. నా బల్ల దగ్గరికి వచ్చి, మన సారు పెద్దమనిషి మేడమ్ అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదు, అడగలేదు కూడా. అవునండీ అని నా పని నేను చూసుకున్నాను.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బొగ్గు గనులు ఆగాయి, ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. ఇళ్లలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. మా క్యాంటీనులో తెలంగాణ వాళ్లు ఇటు, ఆంధ్రా వాళ్లు అటు కూర్చోవడం మొదలుపెట్టారు. పదేళ్లుగా స్నేహంగా ఉన్న అమ్మాయి నా పక్కన కూర్చోవడం మానేసింది. నేనూ బతిమాలలేదు. కుమార్ తన సొంత మోటారు సైకిలు నంబరు ప్లేటు మీద ఏపీ కొట్టేసి టీజీ అని రాసుకున్నాడు. క్యాబు మీద రాయడానికి వీల్లేదని లింగయ్య చెప్పాడు, రాయలేదు.

సమ్మె రెండు వారాలు నిండబోతుండగా ఒక శుక్రవారానికి రోడ్ల దిగ్బంధం పిలుపు వచ్చింది. అదే శుక్రవారం మేము ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ అప్పగించాలి. ఆ బ్యాంకు సమాచారం ఆఫీసు దాటించకూడదు, ఇంటినుంచి చేయడానికి కుదరదు. గురువారం పొద్దున పదకొండింటికి టీము కూర్చుంది. పార్థసారథి నలభై మంది కావాలన్నాడు. ఏడులోపు తెచ్చేసుకుంటే రోడ్ల మీద ఎవరూ ఉండరు, తొమ్మిదికి గానీ మొదలుపెట్టరు అన్నాడు. ఒక్కొక్కరూ మాట్లాడారు. లింగయ్య వంతు వచ్చింది. బండ్లున్నాయా లింగయ్య గారూ అని కామేశ్వరరావు గారు అడిగారు. బండ్లున్నయి సార్ అన్నాడు. ఆ తర్వాత తలవంచుకున్నాడు. చేతులు రెండూ ఒళ్లో. ఆ మౌనం మామూలు మౌనం కాదని చూసిన ఎవరికైనా తెలియాలి. నాకు తెలియలేదు. అరచేతులు బల్ల మీదికి వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. గుడ్, అన్నారాయన.

నేను టైపు చేశాను. అందరూ సమ్మతించారు.

పార్థసారథి నలభై పేర్ల కాగితం లింగయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. లింగయ్య ఆ కాగితం పట్టుకుని తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏమండీ, ఏమైనా కావాలా అన్నాను. ఏం లేదు మేడమ్ అని మెట్లు దిగాడు.

శుక్రవారం ఆరింటికి నేను కొండాపూర్‌లో వాటర్ ట్యాంక్ కింద నిలబడి ఉన్నాను. మా బండి బాచుపల్లిలో ఇద్దర్ని ఎక్కించుకుని, మియాపూర్ మీదుగా వచ్చి నన్ను ఎక్కించుకోవాలి. ఆరుంబావు అయింది, ఆరున్నర అయింది. నాకు ఒళ్లు మండింది. లింగయ్యకు ఫోన్ కొట్టి కడిగేశాను. ఈ మాత్రం దానికి హెడ్ అని కార్డెందుకండీ, నడిరోడ్డు మీద ఆడమనిషిని నిలబెట్టడానికా అన్నాను. ఆయన ఆపలేదు, మొత్తం విన్నాడు. తర్వాత, మేడమ్, మీరు ఇంటికి పోర్రి, మియాపూర్ కాడ బండి మీద రాయి పడ్డది, కుమార్‌కు కంట్లె తాకింది అన్నాడు. ముందు అద్దం పగిలి ముక్కలు మొహం నిండా గుచ్చుకున్నాయట. వెనక కూర్చున్న ఇద్దరికీ ఏమీ కాలేదు. కన్ను మూసుకునే బండి పక్కకు ఆపి, వాళ్లిద్దర్నీ దింపి, అప్పుడు కూలబడ్డాడట.

నేను ఇంటికి వెళ్లాను. కాఫీ పెట్టుకున్నాను. తాగాను. రాయి వేసింది ఎవరో తెలియలేదు, ఎప్పటికీ తెలియలేదు. కుడి కన్ను పోయిందని సాయంత్రానికి తెలిసింది. అయ్యో అనుకోవాలి కదా అని అనుకున్నాను. అనుకోవడానికి కూడా లోపల ఏదో ఒకటి ఉండాలి, ఏమీ లేదు. ఆ తర్వాత ఇంకో క్యాబు వచ్చి ఉంటే నేను అందులో ఎక్కి ఆఫీసుకు వెళ్లిపోయేదాన్నే కదా అనుకున్నాను, అది కూడా ఎవరి గురించో అనుకున్నట్టే ఉంది.

కామేశ్వరరావు గారు రెండు రోజులు ఆస్పత్రిలో ఐసీయూ ముందు బల్ల మీద కూర్చున్నారు. ఎండీ అయ్యుండి అలా కూర్చునేవాళ్లను నేను చూడలేదు. కుమార్ ప్రాణానికి భయం లేదు, కానీ ఒక కన్నుతో క్యాబు తోలనివ్వరు. ఇరవై ఆరేళ్లు. వాడికి వచ్చిన పని అదొక్కటే.

డ్రైవర్లు ఆ రోజునుంచి బండ్లు తీయలేదు. వాళ్లకు తెలియవలసింది ఒకటే. ఈ బండ్లు పంపమన్నప్పుడు ఆ గదిలో పెద్దాయన ఏమన్నాడు? వద్దని ఉంటే వాళ్ల కోపం కంపెనీ మీద, ఆయన ఎప్పటిలాగే వాళ్లవాడు. సరేనని ఉంటే, సొంత అక్క కొడుకునే పంపి కన్ను తీయించినవాడు. సోమవారం మీటింగ్ అయినంక చెప్త అన్నాడట లింగయ్య.

సోమవారం పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చాడు. మేడమ్, గురువారం ముచ్చట ఏం రాసిన్రు, జెర చదువుర్రి అన్నాడు. చదివాను. అందరూ సమ్మతించారు.

"నేనొప్పుకోలే గద మేడమ్."

నాకు చిరాకేసింది. మరి వద్దని అనలేదుగా అన్నాను. అప్పుడు చెప్పాడు. వాళ్ల కులపెద్దలు కూర్చున్నప్పుడు పెద్దమనిషి ఒక మాట పెడతాడు. ఇష్టమున్నవాళ్లు ఔనంటారు. ఇష్టం లేనివాళ్లు నోరెత్తరు, తలవంచుకుంటారు. అది చూసి పెద్దమనిషి, ఇగ లేద్దాం, మల్ల కూసుందాం అంటాడు. అంతే, ఆ మాట అక్కడితో పోయినట్టు. మల్ల ఎవరూ కూర్చోరు. పెద్దమనిషి మొహం మీద కాదనడమంటే ఆయన్ని నలుగురిలో తీసిపారేయడం. తలవంచుకుంటే చాలు, తెలిసినవాడికి అదే పెద్ద కేక.

డ్రైవర్ల గది ముచ్చట్ల గట్లనే ఇన్నరు గద సారు, అన్నాడు. ఆ వేసవిలో ఆయన మొహం ఎందుకు వెలిగిందో నాకు అప్పుడు తెలిసింది. బిల్డింగు ఓనరు గురించి చెప్పాను. మరి శుక్రవారం బండ్లు పంపమని కాగితమిచ్చినప్పుడైనా అనుమానం రాలేదా అన్నాను. పెద్దమనిషి మన తలకాయ సూసి గూడ ముందుకు పోయిండంటే, మనకు తెల్వనిది ఆయనకేదో తెలిసే ఉంటదనుకున్న మేడమ్, అన్నాడు. కుమార్‌నే ఎందుకు పంపారు అంటే, ఆ దినం ఇంకొకల కొడుకును పొమ్మని ఏ మొఖంతోని అంటం అన్నాడు.

ఇదంతా సార్‌కు చెప్పండి అన్నాను. మీరూ ఒక మాట చెప్తరా అని ఆయన అడగలేదు. చెబుతానని నేను అనలేదు.

పదింటికి టీము కూర్చుంది. పోయినసారి మినిట్స్ చదివి, సరేనా అని అడగడం మొదటి పని. చదివాను. లింగయ్య లేచి నిలబడ్డాడు. అక్కడ ఎవరూ లేచి మాట్లాడరు, ఆయనకు అది కూడా ఎవరూ చెప్పలేదు.

"సార్, నేనొప్పుకున్నట్టు రాసిన్రు. నేనొప్పుకోలే. ఒద్దనే కూసున్న."

పార్థసారథి కుర్చీలో వెనక్కి వాలాడు. కామేశ్వరరావు గారి మొహంలో కోపం లేదు. రెండు రోజులుగా నిద్రలేని మొహం. లింగయ్య గారూ, మీరు వద్దని ఒక్క మాట అని ఉంటే నేను ఆపేసేవాణ్ణి అన్నారు. అది ఉత్తమాట కాదు. ఆపేసేవారే. అది తెలిసే, లింగయ్య కూర్చున్నాడు. కామేశ్వరరావు గారు నా వైపు తిరిగారు. ఆ రోజు ఎవరైనా వద్దన్నారా వీరలక్ష్మీ అని అడిగారు.

నాకు తెలుసు. అరగంట కిందే అంతా విన్నాను. ఆయనకు ఈ కట్టుబాటు ఎవరూ నేర్పలేదండీ, ఆయన వైపు తలవంచుకోవడమే వద్దనడమండీ, అనడానికి నాలుగు మాటలు చాలు. నోరెక్కువ అని పేరున్నదాన్ని.

"లేదండీ" అన్నాను. అబద్ధం కాదు. ఆకలిగా ఉంది నాకు, ఆ పూట టిఫిన్ చేయలేదు. ఆ గదిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

మినిట్స్ మారలేదు. తలుపు దాటాక ఒకటే గొంతు కదా, ఒకరి కోసం వెనక్కి వెళ్లి రాసినదాన్ని మార్చితే టీమే ఉండదు అన్నారు కామేశ్వరరావు గారు. కానీ ఆయన అక్కడితో వదల్లేదు. తప్పు నా పద్ధతిలో ఉంది, ఇవాళ్టినుంచి ఐదు అంకెలు లేవు, ప్రతి ఒక్కరూ నోటితో ఔననో కాదనో చెప్పాల్సిందే, అందరికంటే ముందు లింగయ్య గారు, అందరి తర్వాత నేను అన్నారు. చాలా మంచి పద్ధతి. ఇప్పటికీ నడుస్తోందట. సావనీరులో వేసుకోవడానికి బాగుంటుంది. లింగయ్య ఆ తర్వాత నాలుగేళ్లు ఆ కుర్చీలో కూర్చుని అందరికంటే ముందు ఔననీ కాదనీ చెప్పి రిటైరయ్యాడు. ఆ మధ్యలో రాష్ట్రం వచ్చింది, ఆఫీసు ముందు టపాసులు కాల్చారు, స్వీట్లు పంచారు. లింగయ్య ఒక లడ్డూ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. తిన్నాను.

కానీ ఆ సోమవారం ఇంకా అయిపోలేదు. పదకొండున్నరకు లింగయ్య కింద పార్కింగులోకి దిగాడు. కుమార్ బాగయ్యాక గేటు దగ్గర రిజిస్టరు రాసే పని ఇస్తామని కంపెనీ లెటరు తయారుచేసింది. కుమార్ భార్య జ్యోతి బండిలో మిగిలిన సామాను తీసుకెళ్లడానికి వచ్చిందని తెలిసి, ఆ లెటరు ఇవ్వడానికి నేనూ వెనకే దిగాను. డ్రైవర్లు యాభై మంది పైనే ఉన్నారు. మధ్యలో జ్యోతి. సన్నటి పిల్ల, చేతిలో కుమార్ తువ్వాలు, టిఫిన్ డబ్బా, లైసెన్సు కాగితాల కవరు. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ఆగినట్టు కూడా లేదు. నాలాగే ఉంది అనుకున్నాను, వెంటనే అలా అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. ఆ నెలలో నాకు లోపల తగిలింది అదొక్కటే.

లింగయ్య దగ్గరికి రాగానే అందరూ తప్పుకుని దారిచ్చారు. వాళ్ల మొహాలు చూస్తే నాకు సంగతి అర్థమైంది. ఆయన తలవంచుకుని కూర్చున్నాడని వాళ్లకు ఎలాగో తెలిసిపోయింది. వాళ్లకు అది చాలు. మినిట్స్ ఎవడిక్కావాలి? తలవంచుకున్నాడంటే వద్దన్నాడనే. ఔను అని ఆయన తల ఊపితే చాలు, అంతా ఎప్పటిలాగే ఉంటుంది.

జ్యోతే ఆ దారి చూపించింది. మామా, నువ్వక్కడ నోరిప్పలేదంట గద, ఒప్పుకోనట్టే గద, గీళ్లందరు గదే అంటున్నరు అంది. ఆయన్ని నిలదీయడానికి కాదు. ఆ మాట ఆయన నోటినుంచి వింటే తనకు కొంచెం సుఖం అన్నట్టు అంది.

లింగయ్య ఆ అమ్మాయి వైపే చూస్తూ, ఇప్పలే బిడ్డా అన్నాడు. కని నా నోరు ఎవరు కట్టెయ్యలే. ఒద్దంటే సారు ఆపుతుండె. మీద సారు నోటెంటనే ఇప్పుడు ఇనొచ్చిన.

డ్రైవర్లు కదిలారు. ఎవరో ఏదో గొణిగారు. జ్యోతి మాత్రం అక్కడే ఉంది. టిఫిన్ డబ్బాను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆ అమ్మాయికి మా గదితో పని లేదు, ఐదు అంకెలతో పని లేదు. ఆమె మనసులో ఇంకేదో ఉందని నాకు అప్పుడు తోచింది.

"ఆ గది ముచ్చట ఇడిచిపెట్టు మామా. శుక్రారం పొద్దుగాల ఆయన నిన్ను అడిగిండంట, పోవాల్నా మామా అని. అప్పుడు గీ సార్లు ఎవరు లేరు గద. నువ్వు, ఆయన, ఇద్దరే ఉంటిరి. అప్పుడెందుకు ఒద్దనలే?"

ఒకటే గొంతు అన్నారు సార్ అని ఆయన చెప్పొచ్చు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి సాక్ష్యం కూడా ఉంది. చెప్పలేదు. యాభై మంది వింటుండగా అన్నాడు.

"అంటే ఆగుతుండె బిడ్డా. నా మాట దాటేటోడు కాదు."

జ్యోతి తల ఊపింది, తనకు తెలిసిందే ఆయన చెప్పినట్టు. నా చేతిలోంచి లెటరు తీసుకుని చదవకుండా కవర్లో పెట్టుకుంది. బస్సులు నడుస్తలేవు, బండి పెడత, ఇంటిదాక దింపిస్త అన్నాడు లింగయ్య. ఒద్దు మామా అంది. తువ్వాలు భుజాన వేసుకుని గేటు దాటి, కొండాపూర్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.